చారిత్రక ప్రేమ నవలలు చెవికి చేర్చే పని: విశాఖ వాలంటీర్లని తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పీ చెప్పీ గొంతు పోతోంది. అందుకే అందరూ అడిగేవి, కొందరు అడగాలనుకుని మొహమాటపడేవి, అన్నీ ఒకచోట రాసేస్తున్నాను.

అసలు మీరు చేసే పనేంటి?

అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళు చెవితోనో వేలితోనో చదువుకోవడానికి వీలుగా చారిత్రక ప్రేమ నవలల్ని స్కాన్ చేసి, టెక్స్ట్‌గా మార్చి, తప్పులు దిద్ది, ఆన్‌లైన్ లైబ్రరీకి పంపుతాం. గాజువాక నుంచి మధురవాడ దాకా ఓ పదిహేను మందిమి ఉన్నాం. ఉద్యోగం నుంచి రిటైరైన ఒక మాస్టారు, ఇద్దరు ముగ్గురు యూనివర్సిటీ పిల్లలు, మధ్యాహ్నం పూట కాస్త తీరిక దొరికే గృహిణులు, నాలాంటి నవలల పిచ్చోళ్ళు. మాకు బోర్డూ లేదు, ఆఫీసూ లేదు. ఫైళ్ళు నేరుగా మేం ఎక్కించం. లైబ్రరీలో సభ్యత్వం ఉన్న సంస్థకి ఇస్తే వాళ్ళు ఇంకోసారి చూసుకుని ఎక్కిస్తారు.

ఆ లైబ్రరీ ఏది?

మన దేశంలో పెద్దది సుగమ్య పుస్తకాలయ. కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల సాధికారత విభాగం, అచ్చు చదవలేనివాళ్ళ కోసం పనిచేసే సంస్థల కూటమి డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా కలిసి 2016 ఆగస్టు 24న మొదలుపెట్టాయి. దానికంటే ముందే, 2002లో, అమెరికాలో బెనెటెక్ అనే లాభాపేక్ష లేని సంస్థ బుక్‌షేర్ మొదలుపెట్టింది. వాలంటీర్లు స్కాన్ చేసి, వాలంటీర్లే దిద్దే పద్ధతి అక్కడ బాగా సాగింది. మేం నేర్చుకున్నది కూడా ఆ పద్ధతే.

ప్రేమ నవలలేనా? పోటీ పరీక్షల పుస్తకాలు చేస్తే నాలుగు ఉద్యోగాలైనా వస్తాయి కదా?

ఈ ప్రశ్న నన్ను అడగని ఆదివారం లేదు. పరీక్షల పుస్తకాలు చేసేవాళ్ళు ఉన్నారు, చెయ్యాలి కూడా, మేం కాదనం. కానీ ఒక్కసారి మీ ఇంట్లో అలమర చూసుకోండి, అందులో పరీక్ష కోసం కొన్నవి ఎన్ని, రాత్రి అన్నం తిన్నాక మంచం మీద పడుకుని చదివినవి ఎన్ని? చూపు లేనివాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉండాలని, సరదాకి చదవకూడదని ఎవరు రాసిపెట్టారు? మా గుంపులో ఒకావిడ ఉన్నారు, పుట్టుకతోనే చూపు లేదు, బ్యాంకులో ఉద్యోగం. మొదటి రోజే నాతో అన్నమాట: "అక్కా, నాకు ఉద్యోగం వచ్చేసింది. ఇంక రాకుమారుడు కావాలి."

ఆవిడ కోసమే మొదలుపెట్టాం, మొహమాటమెందుకు. మా అమ్మ తరం వారపత్రికల్లో సీరియల్‌గా చదివి, పేజీలు చింపి బైండు చేయించి దాచుకున్న నవలలు ఆవిడకి ఒక్కటీ అందలేదు. ఎవరో చదివి వినిపిస్తే విన్నవే. అదీ చదివేవాళ్ళకి ఓపిక ఉన్నంతసేపే, పైగా సిగ్గుపడాల్సిన పేజీలు వాళ్ళు చల్లగా దాటేసేవారట. అడివి బాపిరాజు 'హిమబిందు' దిద్దుతున్న రోజుల్లో, శాతవాహనుల కాలం కథ కదా అని, ఓ ఆదివారం భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కాం. బౌద్ధ భిక్షువులు నీళ్ళకోసం కొండరాతిలో తొలిచిన తొట్ల వల్లే దానికా పేరు. ఆవిడ ఒక తొట్టి అంచు పట్టుకుని కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, అక్కడే రెండు అధ్యాయాలు పూర్తి చేసింది. మేం మిగతావాళ్ళం ఎండకి మాడిపోయి పులిహోర పొట్లాలు విప్పుకున్నాం.

కాపీరైట్ గొడవ రాదా?

న్యాయమైన భయమే. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దానికి 2012లో చేసిన సవరణలో 52(1)(జెడ్‌బీ) అనే ఒక క్లాజు చేర్చారు. వైకల్యం వల్ల మామూలు పుస్తకం చదవలేనివాళ్ళ కోసం, వాళ్ళు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చి వాళ్ళకి ఇవ్వడం ఉల్లంఘన కిందికి రాదు. రచయిత అనుమతి అక్కర్లేదు. అయితే షరతులున్నాయి. లాభం చూసుకోకూడదు, తయారీ ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. ఆ ప్రతి ఆ పాఠకులే వాడేలా, బజార్లో అమ్మకానికి పోకుండా దాన్ని తయారుచేసి ఇచ్చే సంస్థ జాగ్రత్త పడాలి.

ఇలా మార్చిన పుస్తకాల్ని దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి మరకేష్ ఒప్పందం ఉంది. 2013 జూన్ 27న మొరాకోలోని మరకేష్ నగరంలో కుదిరింది. దాన్ని ధ్రువీకరించిన మొట్టమొదటి దేశం మనదే, 2014లో. ఇరవై దేశాలు ధ్రువీకరించాక 2016 సెప్టెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఇలాంటి విషయాల్లో మనం ముందుండటం అరుదు కాబట్టి ఈ ముక్క నేను ఎక్కడికెళ్ళినా చెప్పుకుంటాను.

ఇంత ఉన్నా ఒక ప్రచురణకర్త నన్ను ఫోన్లో పది నిమిషాలు కడిగేశాడు. క్లాజు నంబరు చెప్పి, మీరే చదువుకోండి సార్ అని పెట్టేశాను. ఇంకొకాయన ఫోన్ చేసిన సాయంత్రమే టైప్ చేసిన అసలు ఫైలు మెయిల్లో పంపేశాడు. అందరూ ఒకేలా ఉండరు.

కాపీరైట్ తీరిపోయిన నవలలైతే?

అప్పుడు ఏ గొడవా లేదు, అందరికీ ఇవ్వొచ్చు. మన దగ్గర లెక్క ఇది: రచయిత పోయిన ఏడాది దాటాక వచ్చే జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. అడివి బాపిరాజు 1952లో పోయారు, కాబట్టి 'గోనగన్నారెడ్డి', 'హిమబిందు' 2013 మొదలు నుంచి అందరివీ. విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు, 'ఏకవీర' 2036 చివరిదాకా హక్కుల్లోనే ఉంటుంది. ఇలాంటి పాత పుస్తకం చేతికొస్తే ముందు తెలుగు వికీసోర్స్‌లో ఉందేమో వెతకండి. అక్కడ ఎవరో మహానుభావుడు అప్పటికే కూర్చుని టైప్ చేసి ఉంటే మనకి సగం పని తప్పుతుంది.

నాకు చూపు బాగానే ఉంది. ఒక్క ఫైలు పంపుతారా, ఎవరికీ చెప్పను.

పంపం. పుస్తకం కొనుక్కోండి, లేదంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళండి.

సభ్యత్వం ఎవరికి? మా అమ్మకి పూర్తిగా చూపు పోలేదు, అక్షరాలు మాత్రం ఆనడం లేదు.

అమ్మగారికి కూడా వస్తుంది. అంధులకే అనుకుంటారు చాలామంది, అది పొరపాటు. కళ్ళజోడు పెట్టుకున్నా అచ్చు చదవలేనంతగా చూపు తగ్గినవాళ్ళు, అక్షరాలు పోల్చుకుని చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్నవాళ్ళు, పక్షవాతం వల్లో చేతుల వణుకు వల్లో పుస్తకం పట్టుకుని పేజీ తిప్పలేనివాళ్ళు, వీళ్ళందరూ వస్తారు. సుగమ్యలో అయితే డైసీ ఫోరమ్ సభ్య సంస్థ ద్వారా నమోదు చేసుకోవాలి, రుజువు కాగితాలు చూపించాలి. కాగితాల దగ్గర విసుగొస్తే మాకు చెప్పండి, మా రిటైర్డ్ మాస్టారికి దరఖాస్తులు నింపడమంటే అదేం సరదానో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంత కష్టమెందుకు, ఎవరైనా చదివి రికార్డ్ చేసేస్తే సరిపోదా?

మంచి గొంతుతో చదివిన రికార్డింగు ఎప్పుడూ బాగుంటుంది. కానీ టెక్స్ట్ ఉంటే పాఠకుడి చేతిలో పగ్గాలుంటాయి. స్క్రీన్ రీడర్‌కి, అంటే తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి, అలవాటు పడ్డవాళ్ళు ఎంత వేగంగా వింటారో పక్కన కూర్చుంటే తెలుస్తుంది, మనకి తేనెటీగల రొదలా ఉంటుంది, వాళ్ళు నవ్వాల్సిన చోట నవ్వుతుంటారు. ఒక పేరు ఎలా రాస్తారో అక్షరం అక్షరం చూసుకోవచ్చు, వెనక్కి వెళ్ళి వెతుక్కోవచ్చు, అదే ఫైలుని బ్రెయిలీలోకి మార్చుకుని వేళ్ళతో చదువుకోవచ్చు. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళకి బ్రెయిలీ ఒక్కటే దారి. పైగా రాత్రి పదకొండు గంటలకి ముద్దు సన్నివేశం చదివేటప్పుడు పక్కింటి మాస్టారి గొంతు వినాలని ఎవరికుంటుంది చెప్పండి.

స్కానింగ్ ఎలా చెయ్యాలి?

ఫ్లాట్‌బెడ్ స్కానరు ఉంటే 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని స్కానరు లెక్క), పాత నలుపు తెలుపు పుస్తకమైతే 400. ఫోనుతో తీసేటట్టయితే కిటికీ వెలుగులో, నీడ పడకుండా, పేజీ వంగకుండా. బైండు చేసిన సీరియల్స్‌తో పెద్ద చిక్కు: కుట్టు దగ్గర అక్షరాలు లోపలికి వెళ్ళిపోతాయి, బైండరు అంచులు కోసినప్పుడు ఒక్కోసారి పై వరుస కూడా పోతుంది. అలాంటిచోట ఊహించి రాయకండి, 'ఇక్కడ ఒక వరుస లేదు' అని గుర్తు పెట్టండి, ఇంకో ప్రతి దొరికితే నింపుతాం. మన ఊరి సముద్రపు గాలికి కాగితం ఎలాగూ మచ్చలు పడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తడిసి అట్టలా అతుక్కుపోయిన నవలలు ఇప్పటికీ నా దగ్గర రెండున్నాయి, వాటిని విడదీసే ధైర్యం లేదు.

ఫలానా నవల పీడీఎఫ్ నా దగ్గరుంది. అది చాలదా?

ఎక్కువసార్లు చాలదు. చాలా పీడీఎఫ్‌లు ఒట్టి ఫొటోలు, స్క్రీన్ రీడర్‌కి అందులో ఏమీ ఉండదు. ఇంకోరకం ఏంటంటే, డీటీపీలో 'అను' అనే పాత తరహా ఫాంట్లతో కొట్టినవి. కంటికి చక్కటి తెలుగే, కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులు. దాన్ని ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒత్తులు ఎక్కడెక్కడ ఎగిరిపోయాయో చూసుకోవాలి.

దిద్దుబాటులో ఏం చూడాలి? కంప్యూటరే అక్షరాలు గుర్తుపడుతుంది కదా?

గుర్తుపడుతుంది, గూగుల్ డాక్స్‌లో వేసినా, బొమ్మలోంచి అక్షరాలు తీసే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్‌లో వేసినా ఇదివరకటి కంటే చాలా మెరుగు. కానీ మన అక్షరాలు మహా కొంటెవి. ప, వ మధ్య తేడా తలమీద అతుకే. మ, వు దాదాపు కవలలు. ద, ధ, థ మధ్య తేడా ఒక గీత, ఒక చుక్క. ప్రేమ నవలలో 'వలపు' అన్నమాట ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు, అందులో వ ఉంది, ప ఉంది, కాబట్టి అది 'వలవు'గా, 'పలపు'గా, 'పలవు'గా రకరకాల వేషాలు వేస్తుంది. అవి పర్వాలేదు, తప్పని తెలిసిపోతుంది. తప్పయినా అర్థమున్న మాటలే అసలు ప్రమాదం. 'పగతో రగిలిపోయాడు' కాస్తా 'వగతో రగిలిపోయాడు' అయితే విలన్ కాస్తా విషాద నాయకుడు అయిపోతాడు. ఒక నవలలో సైనికుడు తోటలో అమ్మాయిని మొదటిసారి చూసి ఆగి, గుండె దడదడలాడుతుండగా, "నీ వేరేమిటి?" అని అడిగాడు. పేరుకి వచ్చిన తిప్పలవి. రెండు మాటలూ నిఘంటువులో ఉంటాయి కాబట్టి ఏ స్పెల్ చెకరూ పట్టుకోలేదు.

ఇంగ్లీషు నవలల్లో దీనికి తాత లాంటిది ఉంది. చేతులు అనే అర్థమిచ్చే 'ఆర్మ్స్'లో మధ్య రెండక్షరాలని స్కానరు తప్పుగా చదివితే నాలుగక్షరాల ఇంకో మాట వస్తుంది, శరీరంలోనే, కాకపోతే వేరే చోటు. నాయకుడు నాయికని ఎక్కడికి పొదువుకున్నాడో వినగానే మా బ్యాంకు ఆవిడ ఫోన్ కింద పడేసి నవ్విందట. అందుకే ఇంగ్లీషు ఫైలు పూర్తవగానే ఆ మాట కోసం ఒకసారి వెతకడం మాకు ఆనవాయితీ.

సున్న ఇంకో తలనొప్పి. 'అందం'లో ఉండాల్సిన సున్న అంకె సున్నాగా పడితే కంటికి తేడా తెలియదు, చెవికి మాత్రం 'అ జీరో ద జీరో' అని వినిపిస్తుంది. ఫైల్లో ముందు వీటిని వెతికి మార్చాక మిగతా పని పెట్టుకోండి. ప్రతి అధ్యాయం పేరునీ శీర్షికగా గుర్తించండి, ఊరికే పెద్ద అక్షరాలు పెట్టి వదిలేయకండి, ఎందుకంటే స్క్రీన్ రీడర్‌లో ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి గెంతేది శీర్షికల మీదే. పేజీ నంబర్లు ఉంచాలి. ప్రతి పేజీ పైనా వచ్చే నవల పేరు తీసెయ్యాలి, లేకపోతే యుద్ధం మధ్యలో ప్రతి రెండు నిమిషాలకీ పేరు చదివి చంపుతుంది. పద్యాలొస్తే ఏ పాదం ఆ వరుసలో ఉండాలి.

నాకు గంటకి పది పన్నెండు పేజీలు అవుతాయి. మీరు ఇరవై చేస్తున్నారంటే చదవట్లేదని అర్థం.

పాత నవలల్లో అరసున్నలు, బండి ఱలు ఉన్నాయి. ఇప్పటి తెలుగులోకి మార్చేద్దామా?

వద్దు. 'వ్రాసెను' ఉంటే 'వ్రాసెను' అనే ఉండాలి. అచ్చులో ఉన్నదే చెవికి చేరాలి, మనకి నచ్చినట్టు కాదు. స్పష్టమైన అచ్చుతప్పు ఉన్నా అలాగే వదిలేసి ఫైలు చివర విడిగా రాస్తాం.

చరిత్రలో తప్పు కనిపిస్తే?

ఉంచేయండి. ఒక నవలలో కాకతీయుల వంటింట్లో పండుమిరపకాయల పచ్చడి నూరుతున్నారు. ఓరుగల్లు పడిపోయింది 1323లో, మిరపకాయ మన దేశానికి వచ్చింది 1498 తర్వాత, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో. చరిత్ర చదువుకుంటున్న మా కుర్రాడొకడు దాన్ని మిరియాలుగా మార్చేశాడు, చాలా సంబరంగా వచ్చి చెప్పాడు కూడా. నేను మళ్ళీ మిరపకాయలు పెట్టించాను. ఆ తప్పు పట్టుకుని నవ్వుకునే హక్కు చూపున్న పాఠకుడికి ఎంతుందో లేనివాళ్ళకీ అంతే ఉంది.

శృంగార ఘట్టాలు ఉంటే తీసేయొచ్చా? మా అమ్మాయి దిద్దుతోంది, ఇబ్బందిగా ఉంది.

అమ్మాయికి వేరే పుస్తకం ఇస్తాం, పుస్తకంలోంచి మాత్రం ఒక్క వాక్యం కూడా తీయం. పెద్దలకి మాత్రమే అని వివరాల్లో గుర్తు పెడతాం, ఎంచుకునేది పాఠకులే. పైన చెప్పాను కదా, చదివి వినిపించేవాళ్ళు పేజీలు దాటేసేవారని. ఆ పనే మళ్ళీ కంప్యూటర్ మీద చెయ్యడానికా ఇంతమందిమి కూర్చున్నది? ఒకసారి ఒక పెద్దాయన మాకు చెప్పకుండా మూడు పేజీలు మాయం చేశారు. అధ్యాయం అర్ధంతరంగా తెల్లవారిపోయింది. "ఏటండీ ఇది, దీపం ఆర్పారు, వెంటనే కోడి కూసేసింది!" అని పాఠకులొకరు శ్రీకాకుళం నుంచి ఫోన్ చేశారు. అసలు పుస్తకం మళ్ళీ తెప్పించుకుని ఆ మూడు పేజీలూ నేనే టైప్ చేశాను.

బొమ్మలు, వంశవృక్షాలు ఉంటే?

వంశవృక్షాన్ని మాటల్లో వరుసగా రాయండి: ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరిని చేసుకున్నారు. బొమ్మకి రెండు మూడు వాక్యాల వర్ణన చాలు. 'అందమైన స్త్రీ' అని రాస్తే ఏమీ రాయనట్టే. జడ ఎటు వేసుకుంది, చేతిలో ఏముంది, ఎటు చూస్తోంది, అది చెప్పండి. అట్ట మీద బొమ్మ వర్ణించమంటే కవిత్వం అందుకునేవాళ్ళున్నారు, వాళ్ళకి నా నమస్కారం.

ఏఐకి ఇచ్చి దిద్దించేస్తే అయిపోతుంది కదా?

ప్రయత్నించాం. తప్పులు బాగానే పట్టింది, దాంతోపాటు పాత వాక్యాలని నున్నగా చెక్కేసింది, చినిగిన చోట తనే ఒక వాక్యం అల్లి పెట్టింది. ఆ వాక్యం బాగుంది కూడా, అదే భయం. అనుమానాలు చూపించమని అడగడానికి వాడుకోండి, మార్పు మాత్రం పుస్తకం పక్కన పెట్టుకుని మీ చేత్తో చెయ్యండి.

ఇంగ్లీషువి కూడా చేస్తారా?

రీజెన్సీ నవలలకి గిరాకీ బాగానే ఉంది. 1811 నుంచి 1820 దాకా ఇంగ్లండ్‌లో మూడో జార్జి రాజుకి మతి చెడితే కొడుకు రాజ్యం చూసిన కాలం అది. ఆ గుర్రపు బళ్ళ పేర్లు, పల్లెటూరి యాస కోసం కావాలని తప్పుగా రాసిన మాటలు దిద్దకండి. అయితే ఇంగ్లీషువి చాలా వరకు లైబ్రరీలో ముందే ఉంటాయి, మొదలుపెట్టేముందు వెతకండి. తెలుగులోకి అనువదించి ఇవ్వొచ్చా అని అడుగుతారు. కాపీరైట్ ఉన్న పుస్తకమైతే కుదరదు, అనువాద హక్కు వేరే సంగతి.

నాకు చూపు లేదు, నేను వాలంటీరుగా పనికొస్తానా?

మీరే కావాలి. కన్ను తప్పుని సర్దుకుని ముందుకెళ్ళిపోతుంది, చెవి సర్దుకోదు. మా దగ్గర చివరి వినికిడి చూపులేని వాలంటీర్లదే. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వింటూ వెళ్తారు, అది ఉచితమే, కొనక్కర్లేదు. అనుమానమొచ్చిన చోట గుర్తు పెడతారు, మేం అచ్చుతో పోల్చి చూస్తాం. "నీ వేరేమిటి" పట్టుకున్నది వాళ్ళే, మాలో ఇద్దరి కళ్ళు దాటిపోయాక. 1896లోనే 'హేమలత' అనే చారిత్రక నవల రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం, తర్వాత చూపు పూర్తిగా పోయినా చెప్పి రాయిస్తూనే ఉన్నారు, చూపు పోయాక కావ్యం చెప్పి రాయించిన ఇంగ్లీషు కవితో పోల్చి ఆంధ్రా మిల్టన్ అన్నారు ఆయన్ని.

డబ్బులేమైనా ఇస్తారా? కాలేజీకి సర్టిఫికెట్?

డబ్బుల్లేవు. సర్టిఫికెట్ కావాలంటే సంస్థవాళ్ళని అడుగుతాం, ఒక నవల పూర్తి చేశాకే. ఇరవై పేజీలు చేసి సర్టిఫికెట్ అడిగినవాళ్ళ ఫైళ్ళు నా దగ్గర పదకొండున్నాయి, ఎవరైనా దత్తత తీసుకుంటే సంతోషం.

పుస్తకాలు ఎలా ఇవ్వాలి?

ఆదివారం ఉదయం పదింటికి ద్వారకానగర్‌లో కలుస్తాం, అక్కడ తెచ్చివ్వండి. వానాకాలమైతే రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టండి. లోపల కలరా ఉండలు వెయ్యకండి, ఆ వాసనకి స్కాన్ చేసే అమ్మాయికి తలనొప్పి వస్తోంది, ఎండిన వేపాకు చాలు. మొదటి పేజీలో మీ పేరు పెన్సిల్‌తో రాయండి, పుస్తకం విప్పదీసి స్కాన్ చెయ్యొచ్చా, కుట్టు ఊడకూడదా అన్నది కూడా రాయండి. అమ్మమ్మ గుర్తుగా దాచుకున్నది అని తర్వాత చెబితే మేమేం చెయ్యలేం.